పాఠం ముగిశాక ఇచ్చిన మందు

మందులకీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో జేమ్స్ మెక్‌గాది ప్రత్యేకమైన స్థానం. ఆయన కొత్త మందేదీ కనిపెట్టలేదు. తన ప్రయోగాల్లో వాడిన ముష్టి గింజల విషం, అడ్రినలిన్, రక్తపోటుకి వేసుకునే మాత్ర అన్నీ అప్పటికే వైద్యలోకానికి తెలిసినవే. ఆయన మార్చింది మందు ఇచ్చే వేళని. అందరూ ఎలుకకి మందిచ్చి, తర్వాత పాఠం నేర్పేవారు. ఆయన ముందు పాఠం నేర్పి, తర్వాత మందిచ్చారు. వినడానికి ఇంతే. కానీ అంతవరకూ కలగాపులగంగా ఉన్న ప్రశ్నలు ఈ ఒక్క మార్పుతో విడివిడిగా తేలాయి. శాస్త్రంలో పనితనమంటే ఏమిటో చూడాలనుకునేవాళ్లు ఆయన ప్రయోగాలని మెల్లగా, విడమరిచి చదవాలి.

మెక్‌గా 1931లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో పుట్టారు. శాన్ హోసే స్టేట్‌లో డిగ్రీ చేసి, 1959లో బర్కిలీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆ తర్వాత రోమ్ వెళ్లి, మందుల మీద చేసిన కృషికి 1957లో నోబెల్ పొందిన డేనియల్ బోవే దగ్గర కొంతకాలం పనిచేశారు. 1964లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ ప్రాంగణంలో చేరారు. అప్పటికి అక్కడ ఇంకా తరగతులే మొదలవలేదు. మెదడునీ మనసునీ కలిపి చదివే విభాగాన్ని ఆయనే మొదటి నుంచీ కట్టుకొచ్చారు. ఇక ఆయన పని అంతా దాదాపు అక్కడే సాగింది.

ఆయన రాకముందు కథ ఎక్కడుందో చూద్దాం. 1917లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలకి కొద్దికొద్దిగా స్ట్రిక్నిన్ ఇచ్చి, చిక్కుదారుల పెట్టెలో వదిలారు. మందు పడిన ఎలుకలు దారిని తొందరగా నేర్చుకున్నాయి. స్ట్రిక్నిన్ అంటే మన అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లో ఉండే విషమే. మోతాదు మించితే ఒళ్లంతా కొయ్యబారి, ఊపిరి ఆగి ప్రాణం పోతుంది. చాలా తక్కువ మోతాదులో అది నాడుల్ని రెచ్చగొడుతుంది.

అయితే ఆ ఎలుకల్లో పెరిగింది జ్ఞాపకమేనా? మందు వల్ల చూపు చురుకెక్కి ఉండొచ్చు. ఆకలి పెరిగి, తిండి కోసం గబగబా పరిగెత్తి ఉండొచ్చు. భయం తగ్గి ఉండొచ్చు. చలాకీగా తిరిగే ఎలుక అన్ని దారులూ తొందరగా చూసేస్తుంది, తప్పుదారులు తొందరగా వదిలేస్తుంది. చూసేవాడికి ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. ‘ఈ మందు వేస్తే బాగా గుర్తుంటుంది’ అని ఎవరన్నా ఈ సందేహం అడ్డు నిలుస్తుంది. మందు పనిచేసింది జ్ఞాపకం మీదా, లేక జ్ఞాపకం చుట్టూ ఉన్న మిగతా వాటి మీదా?

దీనికి జవాబు వెతకడానికి పనికొచ్చే ఒక ఊహ అప్పటికే ఉంది. 1900లో జర్మనీలో ముల్లర్, పిల్జెకర్ అనే ఇద్దరు అర్థం లేని అక్షరాల జంటల్ని మనుషులచేత బట్టీ పట్టించారు. ఒక జాబితా నేర్చిన వెంటనే ఇంకొకటి నేర్పితే మొదటిది చెదిరిపోయింది. కాస్త విరామమిచ్చి నేర్పితే నిలబడింది. కొత్తగా నేర్చింది అప్పుడే పూసిన గోడలాంటిదనీ, ఆరేదాకా పచ్చిగా ఉంటుందనీ దీని సారాంశం. 1949లో డంకన్ అనే పరిశోధకుడు ఎలుకల మీద ఈ విషయాన్నే ఇంకో వైపు నుంచి చూపించాడు. పాఠం అయిన వెంటనే మెదడుకి కరెంటు షాక్ ఇస్తే నేర్చింది పోయింది. ఆలస్యంగా ఇస్తే పోలేదు. పచ్చిగా ఉన్నప్పుడు చెరపొచ్చని దీంతో తెలిసింది. మరి పచ్చిగా ఉన్నప్పుడే దాన్ని ఇంకా గట్టి చెయ్యగలమా? మెక్‌గా పట్టుకున్న ప్రశ్న ఇదే.

1961లో బ్రీన్ అనే పరిశోధకుడితో కలిసి మెక్‌గా అచ్చు వేసిన ప్రయోగంలో వాడిన మందు పిక్రోటాక్సిన్. అది కాకమారి గింజల నుంచి వస్తుంది. చేపల్ని మత్తెక్కించి పట్టడానికి నీళ్లలో కలిపే గింజలివే. ఎలుక ఆ రోజు చిక్కుదారిలో తిరగడం పూర్తయింది. పెట్టెలోంచి బయటికి తీశారు. అప్పుడు ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు మళ్లీ పెట్టెలో వదిలేసరికి ఒంట్లో మందు లేదు. నేర్చుకునేటప్పుడు మందు లేదు. పరీక్ష రాసేటప్పుడూ లేదు. ఈ రెంటి మధ్య, నేర్చింది పచ్చిగా ఉన్న ఆ కాస్త సేపే మందు ఉంది. అయినా మందు పడిన ఎలుకలు తక్కువ తప్పులు చేశాయి. చూపు, ఆకలి, చలాకీతనం వాదనలన్నీ ఒక్క దెబ్బతో పక్కకి పోయాయి. పాఠం జరుగుతున్నప్పుడు మందే లేనప్పుడు, అది చూపునీ ఆకలినీ ఎలా మారుస్తుంది?

ఈ పనిలోని అందం ఇంకో మెట్టు పైకెక్కితే కనిపిస్తుంది. ఎవరైనా ఇలా అడగొచ్చు: ‘మందు పూర్తిగా పోలేదేమో. మర్నాటికి ఎంతో కొంత మిగిలి, పరీక్షలో ఎలుకకి సాయం చేసిందేమో.’ దీనికి జవాబుగా కొన్ని ఎలుకలకి పాఠం అయిన వెంటనే కాకుండా, గంటలు గడిచాక ఇంజెక్షన్ ఇచ్చారు. మిగిలిపోయిన మందే కారణమైతే ఆలస్యంగా ఇచ్చిన మందు పరీక్షకి ఇంకా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎక్కువ మేలు చెయ్యాలి. జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆలస్యమయ్యేకొద్దీ ప్రయోజనం తగ్గుతూ పోయి చివరికి లేకుండా పోయింది. ఒకే ఏర్పాటు ఒక అనుమానాన్ని కొట్టేసి, అదే సమయంలో అసలు సూత్రాన్ని రుజువు చేసింది. 1966లో సైన్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం ఈ కాల సంబంధాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది. ఆ తర్వాత ఈ రంగంలో పనిచేసేవాళ్లకి ‘పాఠం తర్వాత ఇంజెక్షన్’ అన్నది గీటురాయి అయింది.

తర్వాతి ప్రశ్న సహజంగానే వచ్చింది. ఈ పచ్చికాలం ప్రకృతి ఎందుకు పెట్టింది? నేర్చిన మరుక్షణమే అన్నీ గట్టిపడిపోతే సరిపోయేది కదా? మెక్‌గా, ఆయన సహచరులు ఇచ్చిన జవాబు ఇది: ఏది ముఖ్యమో తేలడానికి కొంత సమయం కావాలి. భయమో సంతోషమో కలిగినప్పుడు మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. ఆ కబురు మెదడుకి చేరేసరికి సంఘటన అయిపోయి ఉంటుంది. అప్పటికి జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంటేనే ‘ఇది వదిలెయ్యకు’ అనే ముద్ర దాని మీద పడుతుంది.

దీన్ని పరీక్షించడానికి వాడిన పద్ధతి చాలా సాదాది. రెండు గదులున్న పెట్టె. ఒకటి వెలుతురుగా ఉంటుంది, ఒకటి చీకటిగా. ఎలుకకి చీకటి ఇష్టం కాబట్టి అటు వెళ్తుంది. వెళ్లగానే కాళ్ల కింద చిన్న షాక్ తగులుతుంది. ఒక్కసారే. మర్నాడు దాన్ని వెలుతురు గదిలో పెట్టి, చీకట్లోకి వెళ్లడానికి ఎన్ని సెకన్లు తటపటాయిస్తుందో గడియారంతో కొలుస్తారు. ఎంత తటపటాయిస్తే అంత గుర్తున్నట్టు. 1975లో గోల్డ్, వాన్ బస్‌కర్క్ అనే పరిశోధకులు పాఠం అయ్యాక అడ్రినలిన్ ఇచ్చి చూశారు. కొద్ది మోతాదు జ్ఞాపకాన్ని పెంచింది. మోతాదు ఎక్కువైతే తగ్గించింది. గ్రాఫు గీస్తే బోర్లించిన గిన్నెలా వస్తుంది. ఈ గీత జ్ఞాపకం మీద పనిచేసే మందుల కథలో పదే పదే కనిపిస్తుంది. ‘కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిది’ అనే మన అలవాటు లెక్క ఇక్కడ తప్పుతుంది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. అడ్రినలిన్ రక్తంలోంచి మెదడులోకి సులువుగా వెళ్లదు. మధ్యలో కాపలాగోడ ఉంది. మరి లోపలి జ్ఞాపకాన్ని బయటి అడ్రినలిన్ ఎలా మారుస్తుంది? మెక్‌గా ప్రయోగశాల ఈ దారిని మజిలీ మజిలీగా గీసింది. అడ్రినలిన్ వేగస్ నాడిని కదిలిస్తుంది. ఆ నాడి మెదడు కాండానికి కబురు చేరుస్తుంది. అక్కడి నుంచి అడ్రినలిన్‌కి దగ్గరి రసాయనమైన నార్‌అడ్రినలిన్ అమిగ్డాలాలోకి విడుదలవుతుంది. కణతల లోతున ఉండే చిన్న కణాల ముద్దే ఈ అమిగ్డాలా. ప్రతి మజిలీనీ రెండు వైపుల నుంచీ పరీక్షించారు. అమిగ్డాలాలోకి నేరుగా నార్‌అడ్రినలిన్ పంపితే జ్ఞాపకం పెరిగింది. దాన్ని పట్టుకునే బీటా గ్రాహకాల్ని ప్రొప్రనలాల్ అనే మందుతో మూసేస్తే పెరగలేదు. అమిగ్డాలాని దెబ్బతీస్తే, ఒంట్లోకి ఎక్కించిన అడ్రినలిన్ వల్ల వచ్చే మేలు పోయింది. తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, పగలగొట్టి ఒకసారి చూస్తే గానీ ఆ దారి అదేనని వాళ్లు ఒప్పుకోలేదు.

ఇదంతా ఎలుకల కథ. మనుషుల దగ్గరికి వచ్చేసరికి లారీ కాహిల్ అనే పరిశోధకుడు మెక్‌గాకి తోడయ్యారు. వాళ్లిద్దరూ ప్రిన్స్, వెబర్‌లతో కలిసి 1994లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాన్ని దగ్గర నుంచి చూడాలి. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు ఆగదలుచుకున్న చోటు ఇదే.

వాడిన మందు ప్రొప్రనలాల్. బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960ల్లో తయారు చేశారు. దీంతో పాటు ఇతర మందుల మీద చేసిన పనికి ఆయనకి 1988లో నోబెల్ వచ్చింది. రక్తపోటుకి, గుండెదడకి, చేతుల వణుకుకి, మైగ్రేన్ తలనొప్పికి డాక్టర్లు రాస్తారు. ఇండెరాల్ అంటే మన మెడికల్ షాపుల్లో వెంటనే గుర్తుపడతారు. ఇది బీటా గ్రాహకాల్ని మూసేస్తుంది, పైగా మెదడులోకి వెళ్లగలదు. ఎలుక అమిగ్డాలాలో చేసిన పనిని మనిషి మెదడులోనూ మాత్రతో చేయించడానికి ఇది సరిగ్గా కుదిరింది.

ఇక కథ. ఒక తల్లి, కొడుకు పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి తండ్రి పనిచేసే ఆసుపత్రికి వెళ్తారు. తండ్రి అక్కడ ల్యాబ్ టెక్నీషియన్. పన్నెండు స్లైడ్లు, ఒక్కో స్లైడుకి ఒక్కో వాక్యం వ్యాఖ్యానం. బొమ్మలు అందరికీ ఒకటే. వ్యాఖ్యానాలు మాత్రం రెండు. మొదటి నాలుగు స్లైడ్లకి రెండు వ్యాఖ్యానాలూ ఇంచుమించు ఒకేలా సాగుతాయి. నడిమి నాలుగింటికి దారులు చీలతాయి. ఒక కథలో పిల్లవాడిని రోడ్డు మీద బండి గుద్దేస్తుంది. ఆసుపత్రిలో డాక్టర్లు తెగిపోయిన పాదాల్ని తిరిగి అతికిస్తారు. రెండో కథలో పిల్లవాడు దారిలో విరిగిన కార్ల కుప్పని చూస్తాడు. ఆసుపత్రిలో ప్రమాదాల కోసం చేసే రిహార్సల్‌ని చూస్తాడు. అక్కడ మేకప్‌తో నటుల ఒంటి మీద గాయాలు దిద్దుతుంటారు. కడపటి నాలుగు స్లైడ్లలో తల్లి ఆసుపత్రి నుంచి బయటికొచ్చి, ఇంకో బిడ్డ ఉన్న బడికి ఫోన్ చేసి, ఆ బిడ్డని తీసుకురావడానికి బయల్దేరుతుంది. చివరికి రెండు కథలూ మళ్లీ దగ్గరవుతాయి.

ఈ అల్లిక చూడండి. గాయపడిన కాళ్ల బొమ్మ రెండు కథల్లోనూ ఉంది. ఒకచోట అది నిజం గాయం, ఇంకోచోట మేకప్. కాబట్టి ‘రక్తం బొమ్మ కదా, అందుకే గుర్తుంది’ అని అనడానికి వీల్లేదు. కళ్లు చూసింది ఒక్కటే. గుండె విన్నది వేరు. పైగా ఒకే కథలో ఉద్వేగం లేని మొదలు, ఉద్వేగమున్న నడిమి భాగం ఉన్నాయి. అందువల్ల ఒక మనిషిని ఇంకొకరితో పోల్చడమే కాదు, అదే మనిషిలో ఒక భాగాన్ని మరో భాగంతో పోల్చవచ్చు.

స్లైడ్లకి గంట ముందు కొందరికి 40 మిల్లీగ్రాముల ప్రొప్రనలాల్ ఇచ్చారు. మిగతావాళ్లకి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో వాళ్లకి తెలియదు. తర్వాత పరీక్ష ఉంటుందనీ వాళ్లకి చెప్పలేదు. వారం తర్వాత పిలిచి, ఏమేం గుర్తుందని అడిగారు. ఉత్తుత్తి మాత్ర వేసుకుని ప్రమాదం కథ విన్నవాళ్లకి నడిమి భాగం, అంటే ప్రమాదం, శస్త్రచికిత్స ఎక్కువగా గుర్తున్నాయి. ప్రొప్రనలాల్ వేసుకున్నవాళ్లలో ఆ ఎక్కువ లేదు. వాళ్లకి ప్రమాదం కూడా మిగతా భాగాల్లాగే మామూలుగా గుర్తుంది. మామూలు కథ విన్నవాళ్లలో మాత్రకీ ఉత్తుత్తి మాత్రకీ తేడా కనబడలేదు.

నన్ను అమితంగా ఆకట్టుకునే విషయం ఇక్కడుంది. జీవితమంతా ‘పాఠం తర్వాతే మందు’ అన్న మనిషి ఈ ప్రయోగంలో పాఠానికి ముందే మాత్ర ఇచ్చారు. మింగిన మాత్ర రక్తంలోకి ఎక్కడానికి సమయం పడుతుంది కాబట్టి వేరే దారి లేదు. తన గీటురాయిని పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు దానికి బదులుగా మూడు కాపలాలు పెట్టారు. మందు మందకొడితనం తెచ్చి ఉంటే మామూలు కథ కూడా మసకబారాలి, కానీ అది చెక్కుచెదరలేదు. మందు ఉద్వేగాన్నే చంపేసి ఉంటే కథ ఎంత కదిలించిందని అడిగినప్పుడు తక్కువ చెప్పాలి, కానీ రెండు జట్లూ ఇంచుమించు ఒకే మార్కులు వేశాయి. పరీక్షనాడు మందు అడ్డొచ్చి ఉంటుందా అంటే, వారం గడిచింది కాబట్టి ఒంట్లో అది మిగలనే లేదు. ఇవన్నీ పోగా మిగిలేది ఒక్కటే: కదిలించినదాన్ని గట్టిగా పదిలపరిచే పనిని ఆ మాత్ర ఆపింది. వాళ్లు ఆ కథకి చలించారు. దాన్ని మరిచిపోలేదు. చలించినందుకు జ్ఞాపకానికి దక్కాల్సిన అదనపు బలం మాత్రం దక్కలేదు.

ఒక ప్రయోగంతో తృప్తిపడే ధోరణి ఈ బృందంలో లేదు. మరుసటి ఏడాదే, అమిగ్డాలా రెండు వైపులా దెబ్బతిన్న అరుదైన జబ్బుతో ఉన్న ఒక రోగికి ఇదే కథ చూపించారు. ఆ మనిషికి కథ మనసుకి తగిలింది గానీ నడిమి భాగం అదనంగా గుర్తుండలేదు. మందు చేసిన పనే జబ్బూ చేసింది. 1996లో 8 మందికి భావోద్వేగ వీడియోలు, మామూలు వీడియోలు చూపిస్తూ మెదడుని స్కాన్ చేశారు. చూసేటప్పుడు కుడి అమిగ్డాలా ఎంత చురుగ్గా ఉందో, మూడు వారాల తర్వాత భావోద్వేగ వీడియోలు అంత ఎక్కువగా గుర్తున్నాయి. మామూలు వీడియోల విషయంలో ఈ పొంతన లేదు. 1998లో వాన్ స్టెగెరెన్ బృందం ప్రొప్రనలాల్ పక్కన నాడొలాల్ అనే ఇంకో బీటా బ్లాకర్‌ని పెట్టి చూసింది. నాడొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది గానీ మెదడులోకి అంతగా వెళ్లదు. దానివల్ల జ్ఞాపకం తగ్గలేదు. అంటే గుండె నెమ్మదించడం కారణం కాదు, పని మెదడులోనే జరుగుతోంది.

2003లో కాహిల్ మళ్లీ పాత సూత్రం దగ్గరికి వచ్చారు. బొమ్మలు చూపించడం అయ్యాక కొందరి చేతిని మంచునీళ్లలో పెట్టించారు. అలా పెట్టుకుంటే ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. వారం తర్వాత చూస్తే వాళ్లకి ఉద్వేగం కలిగించే బొమ్మలు ఎక్కువ గుర్తున్నాయి. మామూలు బొమ్మల విషయంలో తేడా లేదు. చూసేటప్పుడు ఏ మార్పూ లేదు, చూశాకే ఉంది. అప్పటికి నలభై ఏళ్ల కింద ఎలుకకి ఇచ్చిన ఇంజెక్షన్ ఇక్కడ మంచునీళ్ల రూపం తీసుకుంది.

ఈ పనితో వైద్యంలో కూడా ఆశ కలిగింది. ఘోర ప్రమాదం జరిగిన కొద్ది గంటల్లో ప్రొప్రనలాల్ ఇస్తే ఆ భయం మనసులో మరీ లోతుగా నాటుకోకుండా ఆపొచ్చా? 2002లో బోస్టన్‌లో పిట్‌మన్ బృందం అత్యవసర విభాగానికి వచ్చిన రోగులకి రోజుకి నాలుగుసార్లు 40 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు ఇచ్చి చూసింది. మూడు నెలల తర్వాత ఆ సంఘటన గురించి విన్నప్పుడు వాళ్ల శరీరం తక్కువగా అదిరింది. అయితే తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఫలితాలు అంత నికరంగా రాలేదు. ఘోర సంఘటనల తర్వాత వచ్చే మానసిక ఒత్తిడి జబ్బుని ఇది కచ్చితంగా ఆపుతుందని చెప్పే స్థితి లేదు. 1994 నాటి కథ ప్రయోగాన్ని తిరిగి చేసినవాళ్లందరికీ అవే ఫలితాలు రాలేదన్నది కూడా చెప్పాలి. బాధ కలిగించే జ్ఞాపకాన్ని మందుతో మొద్దుబార్చడం మనిషికి మంచిదేనా అని 2003లో అమెరికా అధ్యక్షుడి జీవనీతి మండలి పెద్ద చర్చే నడిపింది. ఇవేవీ మెక్‌గా పనితనాన్ని తగ్గించవు. ఆయన ప్రయోగాలు చెప్పగలిగినంతే చెప్పాయి, అంతకు మించి చెప్పినట్టు నటించలేదు.

మెక్‌గా సాధారణ పాఠకుల కోసం 2003లో ‘మెమరీ అండ్ ఎమోషన్’ అనే పుస్తకం రాశారు. 2015లో ఆయనకి మనోవిజ్ఞానంలో గ్రావెమెయర్ బహుమతి వచ్చింది.

ఈ ప్రయోగాలు చదివి ఎవరైనా పరీక్షల కాలంలో జ్ఞాపకశక్తి మాత్రల కోసం వెతికితే ఆ చదువు వృథా. బోర్లించిన గిన్నెలాంటి ఆ గీత చెప్పే మాట అది కాదు. ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదకరం, డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడని మందు. ఇంటర్లోనో డిగ్రీలోనో సైన్స్ చెప్పే ఉపాధ్యాయులకి ఒక విన్నపం. ఎలుక ఇంజెక్షన్‌నీ తల్లీకొడుకుల కథనీ తరగతిలో చెప్పండి. ఫలితం వెంటనే చెప్పకండి. ‘ఇందులో లొసుగు ఎక్కడుంది, దాన్ని పూడ్చాలంటే ఏం చేస్తారు?’ అని పిల్లల్ని అడగండి. మెక్‌గా ముందే పూడ్చిన లొసుగుల్ని వాళ్లు ఒక్కొక్కటిగా పట్టుకుంటుంటే, సైన్స్ అంటే జవాబుల జాబితా కాదని వాళ్లకి వేరే చెప్పాల్సిన పని ఉండదు.